ఎనిమిది వారాల ఆన్‌లైన్ కోర్సు చెప్పమంటున్నారు, ఒప్పుకోనా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ చేశాను. ఎలుకల్లో భయానికి సంబంధించిన జ్ఞాపకాలు ఎలా నిలబడతాయన్నది నా అంశం. పెళ్లయి ఒహాయో వచ్చి తొమ్మిదేళ్లయింది. ఇద్దరు పిల్లలు, చిన్నది ఈ ఏడే కిండర్‌గార్టెన్‌లో చేరింది. మావారి గ్రీన్ కార్డు దారిలో ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయింది, నా చేతిలో హెచ్-4 ఈఏడీ, అంటే పని చేసే అనుమతి కార్డు, ఉంది. ఇక్కడి ఒక యూనివర్సిటీ సైకాలజీ డిపార్ట్‌మెంట్ వాళ్లు బిహేవియరల్ న్యూరోసైన్స్ కోర్సును పార్ట్‌టైమ్‌గా, పూర్తిగా ఆన్‌లైన్‌లో చెప్పమని అడిగారు. ఎనిమిది వారాలు, మూడు క్రెడిట్లు, 30 మంది విద్యార్థులు. లైవ్ క్లాసులు ఉండవు. మొత్తం 3,600 డాలర్లు ఇస్తారట. ఐదు వారాల్లో మొదలు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. తొమ్మిదేళ్లలో సబ్జెక్ట్ ఎంత ముందుకు వెళ్లిపోయిందో! నా యాస వాళ్లకు అర్థమవుతుందా? ల్యాబ్ లేకుండా ఈ సబ్జెక్ట్ ఎలా చెప్పను? ‘ఇంత చదువు చదివి ఇంత తక్కువకా’ అని ఇంట్లో అంటున్నారు. ఇప్పుడు చాట్‌జీపీటీతో రాసి పంపే పిల్లలతో ఎలా వేగాలో కూడా తెలియదు. చేరమంటారా?
— పేరు వద్దన్నారు, ఒహాయో

సమాధానం: చేరండమ్మా. ఒక్క టర్మ్‌కి ఒప్పుకోండి. కానీ ఆ ‘సరే’ అనే మెయిల్ పంపే ముందు డిపార్ట్‌మెంట్ వాళ్లను కొన్ని విషయాలు అడగాలి, అవి కింద రాస్తాను. నేను ఇదే సబ్జెక్ట్‌ను ఇక్కడ పద్నాలుగేళ్లు పార్ట్‌టైమ్‌గా చెప్పాను, అందులో తొమ్మిదేళ్లు ఆన్‌లైన్‌లోనే. మీ ఉత్తరంలో ఉన్న భయాలన్నీ నాకు తెలిసినవే.

ముందు తొమ్మిదేళ్ల గ్యాప్ సంగతి. మీరు చెప్పబోయేది పీహెచ్‌డీ సెమినార్ కాదు. డిగ్రీ పిల్లలు, ఎక్కువమంది సైకాలజీ వాళ్లు, కెమిస్ట్రీ అంటే భయపడి ఇటు వచ్చినవాళ్లు కూడా ఉంటారు. వాళ్లకు కావలసిన పునాది మీరు చదివినప్పుడు ఉన్నదే. న్యూరాన్, అంటే నాడీకణం, విశ్రాంతిలో ఉన్నప్పుడు లోపల మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ అనే సముద్రజీవి పెద్ద ఆక్సాన్ (న్యూరాన్ పొడవాటి తీగ) మీద పనిచేసి 1952లో రాసిన లెక్కలు ఇవాళ్టికీ యాక్షన్ పొటెన్షియల్ (న్యూరాన్ పంపే విద్యుత్ సంకేతం) పాఠానికి ఆధారం. ఒట్టో లోవీ 1921లో ఒక కప్ప గుండెను దాని నరం ద్వారా నెమ్మదింపజేసి, చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండో కప్ప గుండెకు ఇచ్చి, అది కూడా నెమ్మదించడం చూశాడు. న్యూరాన్లు రసాయనాలతో మాట్లాడుకుంటాయని చెప్పడానికి ఇంతకన్నా తేలికైన కథ ఇంకొకటి దొరకదు. ఇవేవీ పాతబడలేదు.

పాతబడినవి కొన్ని ఉన్నాయి. మీ నోట్సులో గ్లియా, అంటే న్యూరాన్లకు తోడుగా ఉండే కణాలు, న్యూరాన్లకు పదింతలు ఉంటాయని రాసుకుని ఉంటే కొట్టేయండి. 2009లో సుజానా హెర్కులానో-హౌజెల్ బృందం మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లు ఉన్నాయని, మిగతా కణాలూ దాదాపు అన్నే ఉన్నాయని లెక్కకట్టింది. హెచ్.ఎం. అన్న పేరుతో మనందరం చదువుకున్న హెన్రీ మోలైసన్‌కు 1953 ఆపరేషన్‌లో హిప్పోకాంపస్, అంటే కొత్త జ్ఞాపకాలను నిలబెట్టే మెదడు భాగం, మొత్తం పోయిందనుకునేవాళ్లం; ఆ తరవాత ఆయనకు కొత్త సంగతులు గుర్తుండేవి కావు. ఆయన చనిపోయాక మెదడును 2,401 పలుచని ముక్కలుగా కోసి చూసి 2014లో ప్రచురించిన పరిశీలనలో వెనక భాగం చాలావరకు మిగిలే ఉందని తేలింది. ఇలాంటివి వారానికి ఒకటో రెండో ఉంటాయి. ఏ వారం పాఠానికి ఆ వారం ముందు సరిచూసుకుంటే చాలు. ఐదు వారాల్లో తొమ్మిదేళ్ల పరిశోధన అంతా చదవాలని కూర్చోకండి, మీ వల్ల కాదు, అవసరమూ లేదు.

ఇక డబ్బు. ఇంట్లో వాళ్లు అన్న మాటలో నిజం ఉంది, దాన్ని పక్కకు నెట్టకుండా లెక్క వేసుకుందాం. ముందస్తు తయారీకి 40 గంటలు, వారానికి 15 గంటల చొప్పున ఎనిమిది వారాలకు 120, మొత్తం 160 గంటలు. 3,600 డాలర్లను దాంతో భాగిస్తే గంటకు 22 డాలర్ల 50 సెంట్లు. ఇప్పుడు అదే కోర్సుకు వందగంటలు తయారవుతూ, వారానికి 25 గంటలు కూర్చున్నారనుకోండి. మొత్తం 300 గంటలు, గంటకు 12 డాలర్లు. యూనివర్సిటీ ఇచ్చే చెక్కు మాత్రం రెండుసార్లూ ఒకటే. మొదటిసారి చెప్పేవాళ్లలో నూటికి తొంభైమంది ఈ రెండో లెక్కలోకే జారిపోతారని నా అనుభవం కొద్దీ అంటున్నాను. ఎందుకంటే పని ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పరు. గ్రేడింగ్ ఒక్కటి చూడండి: 30 మంది వారానికి ఒక వ్యాసం రాస్తే, ఒక్కోటి దిద్దడానికి 20 నిమిషాలు వేసుకున్నా పది గంటలు అక్కడే అయిపోతాయి. అందుకని పెద్ద రాత పనులు ఎనిమిది వారాల్లో రెండే పెట్టండి. మిగతా వారాల్లో చిన్నవి, రెండు మాటల్లో దిద్దగలిగేవి ఉంచండి.

డిపార్ట్‌మెంట్ వాళ్లను అడగాల్సింది ఇక్కడే మొదలవుతుంది. కాన్వాస్, బ్లాక్‌బోర్డ్ లాంటి ఆన్‌లైన్ క్లాసు సాఫ్ట్‌వేర్‌లో ఇదివరకు చెప్పినవాళ్ల కోర్సు సిద్ధంగా ఉందా, నాకు కాపీ చేసి ఇస్తారా? ఉంటే మీ 40 గంటల తయారీ సరిపోతుంది. లేకపోతే, అంటే మొత్తం మీరే కట్టాలంటే, దానికి వేరే డబ్బు ఇస్తారా అని మొహమాటం లేకుండా అడగండి. కొన్నిచోట్ల ఇస్తారు. అలా మీరు తయారుచేసిన వీడియోలు ఎవరి సొంతం, మీరు మానేశాక కూడా వాడుకుంటారా అన్నది రాతలో తీసుకోండి. 30 మంది అన్నది గరిష్ఠమా, చివరి నిమిషంలో 45 చేస్తారా? పరీక్షలు, మార్కుల పంపకం నేను మార్చుకోవచ్చా?

ఇంకొక ప్రశ్న మరీ ముఖ్యం: తగినంత మంది చేరలేదని కోర్సు రద్దు చేస్తే నా తయారీకి ఏమైనా ఇస్తారా? నాకు ఒకసారి క్లాసు మొదలవడానికి నాలుగు రోజుల ముందు మెయిల్ వచ్చింది, ఈ టర్మ్‌కి వద్దులెండి అని. అప్పటికి సిలబస్, క్విజ్‌లు, సగం వీడియోలు అయిపోయాయి. పైసా ఇవ్వలేదు, కాగితం మీద నేను ఏమీ అడిగి ఉండలేదు కాబట్టి గట్టిగా అడిగే దారీ లేకపోయింది. ఆ వారం నేను పడ్డ బాధ మీరు పడకూడదనే ఇది రాస్తున్నాను. రద్దు చేస్తే కొంత మొత్తం ఇచ్చే పద్ధతి కొన్ని యూనివర్సిటీల్లో ఉంది. అడిగితేనే చెబుతారు.

ఈఏడీ కార్డు మీద ఉన్న గడువు తేదీ, మీరు ఫైనల్ గ్రేడ్లు ఎక్కించాల్సిన తేదీ, ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. మధ్యలో కార్డు అయిపోయేలా ఉంటే హెచ్‌ఆర్‌కి ముందే చెప్పండి. గడువు దాటాక ఒక్క రోజు కూడా, ఒక్క పేపరు కూడా దిద్దకూడదు. ఆన్‌లైన్‌లో ఇంట్లో కూర్చుని చేసేదే కదా అనిపిస్తుంది, అయినా అది ఉద్యోగమే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీరు ఐదు వారాల సమయాన్ని దేని మీద పెడతారో దాన్నిబట్టే ఈ కోర్సు ఉంటుంది. నా మొదటి ఆన్‌లైన్ టర్మ్‌లో నేను క్లాసులో చెప్పే పాఠాన్నే 50 నిమిషాల వీడియోలుగా తీశాను. ఒక్కో వీడియోకి ఒక రోజంతా పట్టేది. మాట తడబడితే మళ్లీ మొదటినుంచి రికార్డ్ చేసేదాన్ని. టర్మ్ మధ్యలో ఎవరు ఎంతసేపు చూశారన్న లెక్కలు తెరిచి చూస్తే, చాలామంది పది నిమిషాలు కూడా దాటలేదు. పిల్లలు బద్ధకస్తులని అనుకున్నాను అప్పుడు. తరవాత 2014లో ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్ వీడియోల మీద చేసిన ఒక పెద్ద అధ్యయనం చదివాను. దాదాపు 69 లక్షల సార్లు వీడియోలు చూసిన వివరాలు తీసి పరిశీలించారు అందులో. వీడియో ఎంత పొడవున్నా సగటు విద్యార్థి మనసు పెట్టి చూసేది ఆరు నిమిషాల లోపేనని తేలింది. చాలామంది పిల్లలు అలాగే చూస్తారని, నా పాఠమే వాళ్లకు తగ్గట్టు లేదని అప్పుడు అర్థమైంది.

అందుకని వారానికి మూడు వీడియోలు చాలు, ఒక్కోటి ఆరేడు నిమిషాలు. ఒక్కో వీడియోలో ఒక్క ప్రశ్నకు జవాబు ఉండాలి. ‘సోడియం లోపలికి వస్తే ఏమవుతుంది?’ అన్నదానికి ఒకటి. ‘డోపమైన్ అంటే ఆనందమా?’ అన్నదానికి ఒకటి. మాట తడబడితే తడబడనివ్వండి. క్యాప్షన్లు మాత్రం తప్పనిసరిగా పెట్టి, యంత్రం రాసిన మాటలను మీరే ఒకసారి సరిచేయండి. ‘హిప్పోకాంపస్’ని అది ఏమేమో చేస్తుంది. వినికిడి సమస్య ఉన్న పిల్లలకు అది హక్కు, మీ యాస గురించిన భయానికి కూడా అదే మందు. యాస సంగతి ఇక్కడితో వదిలేయండి. పద్నాలుగేళ్లలో నా యాస అర్థం కాలేదని రాసినవాళ్లు ఇద్దరే. మీ మెయిల్‌కి జవాబు రావడానికి మూడు రోజులు పట్టింది, సిలబస్‌లో డెడ్‌లైన్ ఒకటి, కాన్వాస్‌లో ఇంకొకటి ఉంది, ఇలాంటివి రాసినవాళ్లు అంతకు చాలా రెట్లు ఉన్నారు. వాళ్లు పట్టించుకునేది అది.

వీడియోల మీద మిగిల్చిన సమయాన్ని ఎక్కడ పెట్టాలి? పిల్లలు పుస్తకం మూసి గుర్తు తెచ్చుకునే పనులు తయారుచేయడం మీద. ఇది మీకు నేను చెప్పాలా? మీ పీహెచ్‌డీయే జ్ఞాపకం మీద. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగం మీరు చదివే ఉంటారు. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు ఒకసారి చదివి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తరవాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తరవాత పెడితే తిరగబడింది, గుర్తు తెచ్చుకుంటూ రాసినవాళ్లకే ఎక్కువ నిలిచింది. చాలా ఆన్‌లైన్ కోర్సులు జ్ఞాపకం గురించి పదో అధ్యాయంలో ఇదంతా చెబుతాయి, కానీ కోర్సును మాత్రం దానికి సరిగ్గా వ్యతిరేకంగా కడతాయి: వీడియో, పుస్తకం, చివర్లో ఒకే ఒక పెద్ద పరీక్ష. నాకు ఇది చూస్తే ఇప్పటికీ బాధ కలుగుతుంది. జ్ఞాపకం గురించి చెప్పే సబ్జెక్టే జ్ఞాపకం నిలవని పద్ధతిలో చెప్పడం ఏమిటి?

నేను చేసేది ఇలా ఉండేది. వారానికి రెండు చిన్న క్విజ్‌లు, ఒక్కోటి పది ప్రశ్నలు. అందులో ఆరు ఈ వారంవి, నాలుగు పాత వారాలవి. ఐదో వారం నిద్ర గురించి చదువుతుంటే, ఒకటో వారం పొటాషియం గురించి ఒక ప్రశ్న వచ్చేది. ఎన్నిసార్లైనా రాయొచ్చు, మంచి మార్కే లెక్క. మొదటి రెండు వారాలు పిల్లలు గొణుగుతారు. ఎందుకు ఇలా పెట్టానో మొదటి వారమే, ఆ 2006 ప్రయోగం చూపించి చెప్పేయండి. కారణం తెలిస్తే ఊరుకుంటారు. ఆరో వారానికి వాళ్లే అంటారు, విచిత్రంగా అన్నీ గుర్తున్నాయని.

ల్యాబ్ లేదని దిగులు పడుతున్నారు. మీ విద్యార్థి దగ్గర శరీరం ఉంది, అదే ల్యాబ్. 30 సెంటీమీటర్ల స్కేలు ఒకటి ఉంటే స్పందన వేగం కొలవచ్చు. ఒకరు పైన పట్టుకుని చెప్పకుండా వదలాలి, ఇంకొకరు కింద సున్నా గీత దగ్గర రెండు వేళ్లు తెరిచి ఉంచి, పడుతున్న స్కేలును పట్టుకోవాలి. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే 0.2 సెకన్లు, 15 దగ్గరైతే దాదాపు 0.17. పదిసార్లు చేసి సగటు తీయమనండి. తరవాత ఆ 0.2 సెకన్లలో కంటి నుంచి చేతి దాకా ఏమేం జరిగిందో రాయమనండి. నాడీ సంకేతం దారి మొత్తం ఈ ఒక్క పనిలో వచ్చేస్తుంది. పేపర్ క్లిప్పును విప్పి రెండు మొనలు చేసి, కళ్లు మూసుకున్న వాళ్ల వేలి కొసను తాకితే రెండు మూడు మిల్లీమీటర్ల దూరమున్నా రెండు మొనలని చెప్పేస్తారు. వీపు మీద నాలుగు సెంటీమీటర్లు ఎడం పెట్టినా ఒకటే అంటారు కొందరు. అక్కడినుంచి, శరీరంలో ఏ భాగానికి మెదడులో ఎంత చోటుందో చూపే పెన్‌ఫీల్డ్ పటంలో చేతికీ పెదవులకూ అంత చోటు ఎందుకుందో చెప్పండి.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది అద్దం పని. కాగితం మీద నక్షత్రం బొమ్మ పెట్టి, చేతిని అట్టతో కప్పి, అద్దంలో మాత్రమే చూస్తూ గీత మీదుగా పెన్సిల్ నడపాలి. మొదటిసారి చేయి ఎటో పోతుంది. పదోసారికి కుదురుతుంది. మూడు రోజులు చేయించి, ప్రతిసారీ ఎన్ని తప్పులొచ్చాయో రాయించండి. ఆ తరవాతే హెన్రీ మోలైసన్ కథ చెప్పండి. ఆయన కూడా మనస్తత్వవేత్త బ్రెండా మిల్నర్ ఎదుట మూడు రోజులు ఇదే చేశాడు, రోజురోజుకూ మెరుగయ్యాడు, కానీ మూడో రోజున కూడా ఇంతకు ముందెప్పుడూ ఈ పని చేయలేదనే అనుకున్నాడు. తమ చేతులతో చేసిన పిల్లలకు ఆ మాట దగ్గర గుండె ఆగినట్టవుతుంది. జ్ఞాపకం అంటే ఒకటే కాదని ఆ క్షణంలో వాళ్లకు తెలుస్తుంది. నేను ఎన్ని స్లైడ్లు పెట్టినా అలా తెలియలేదు.

ఇవి కాక, యూనివర్సిటీ ఆఫ్ కొలరాడో వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లలో న్యూరాన్ ఒకటి ఉంది, సోడియం, పొటాషియం గేట్లు తెరుచుకోవడం కళ్లకు కనబడుతుంది, ఉచితం. సియాటిల్‌లోని అలెన్ ఇన్‌స్టిట్యూట్ మెదడు అట్లాస్ కూడా ఉచితమే. రెండొందల డాలర్ల పాఠ్యపుస్తకం కొనిపించే ముందు ఓపెన్‌స్టాక్స్ ఉచిత పుస్తకాన్ని చూడండి, డిపార్ట్‌మెంట్ ఒప్పుకుంటే అదే వాడండి. మీ విద్యార్థుల్లో చాలామంది పని చేసుకుంటూ చదివేవాళ్లు.

వాళ్ల గురించి కొంచెం చెప్పాలి. ఎనిమిది వారాల్లో మూడు క్రెడిట్లంటే, ఇక్కడి క్రెడిట్ గంటల లెక్క ప్రకారం విద్యార్థి వారానికి 17 గంటలు పెట్టాలి. ఆన్‌లైన్ కోర్సు తీసుకునేవాళ్లలో రాత్రి షిఫ్టు నర్సులు, చిన్న పిల్లల తల్లులు, సైన్యంలో ఉన్నవాళ్లు ఉంటారు. ఒక నర్సు నాకు తెల్లవారుజామున నాలుగింటికి రాసింది, నిద్ర పాఠం చదువుతూ ఏడ్చానని. కంటి నరాలు కలిసే చోటికి కాస్త పైన 20 వేల న్యూరాన్ల చిన్న గుంపు శరీరం గడియారాన్ని నడుపుతుందని, వెలుతురు దాన్ని సర్దుతుందని, ఇంటికి వెళ్తూ ఉదయం ఎండలో కారు నడపడం వల్లే తనకు నిద్ర పట్టడం లేదేమోనని ఆవిడకు మొదటిసారి తట్టింది. తన బద్ధకం, తన బలహీనత అనుకున్నది జీవశాస్త్రం అని తెలిసింది. ఈ సబ్జెక్ట్ చెప్పేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? అలాంటివాళ్ల కోసం డెడ్‌లైన్లు ఆదివారం రాత్రికి పెట్టండి, ఒక్కో విద్యార్థికి టర్మ్ మొత్తంలో రెండుసార్లు, కారణం అడగకుండా, 48 గంటల గడువు ఇవ్వండి. ఇలా ముందే రాసి పెడితే, ఎవరి అమ్మమ్మ నిజంగా చనిపోయిందో తేల్చే పని మీకు తప్పుతుంది.

ఇంకో విషయం. డిప్రెషన్, వ్యసనం, పీటీఎస్‌డీ పాఠాలు వచ్చే వారాల్లో కొందరు తమ సొంత కథలు రాస్తారు, డిస్కషన్ బోర్డులోనే రాసేస్తారు. మీరు ఆప్యాయంగా జవాబివ్వండి, కానీ వైద్యం చేయబోకండి. ‘ఈ మందు మానేయనా?’ అని అడిగితే డాక్టర్ని అడగమనండి, అంతే. యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్ నంబరు, 988 ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ సిలబస్ మొదటి పేజీలోనే పెట్టండి. ప్రాణానికి ప్రమాదం అనిపించే మాట కనబడితే ఆ రోజే డిపార్ట్‌మెంట్‌కి చెప్పండి. ఎవరికి చెప్పాలో టర్మ్ మొదలవకముందే కనుక్కోండి, అర్ధరాత్రి వెతుక్కునే పరిస్థితి రాకూడదు. అలాగే తల్లిదండ్రులు మార్కుల గురించి మెయిల్ చేస్తే జవాబివ్వకూడదు. విద్యార్థుల వివరాల గోప్యతను కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం, విద్యార్థి రాతపూర్వక అనుమతి లేకుండా, మామూలుగా అది ఒప్పుకోదు. మన దగ్గర నాన్న వచ్చి అడిగితే చెప్పేస్తాం కదా, ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు.

చాట్‌జీపీటీ గురించి నేను చెప్పగలిగింది కొద్దిగానే. పట్టుకునే సాఫ్ట్‌వేర్‌ను నమ్మి ఎవరి మీదా నేరం మోపకండి, అవి తప్పు చెబుతాయి, పైగా ఇంగ్లిష్ రెండో భాష అయినవాళ్లు రాసింది కూడా యంత్రం రాసిందంటాయి. ఆ బాధ మనకు అందరికన్నా బాగా తెలియాలి. ‘డోపమైన్ పాత్రను వివరించుము’ అని అడిగితే యంత్రం చేతే రాయిస్తారు. స్కేలుతో వాళ్లు కొలిచిన పది అంకెలు, అద్దంలో వాళ్లు గీసిన నక్షత్రం ఫొటో, ఆ రెండింటి మీద వాళ్ల వివరణ అడిగితే చాలామంది సొంతంగానే చేస్తారు. చివరి పనికి ఒక్కొక్కరితో ఐదు నిమిషాలు వీడియోలో మాట్లాడండి. 30 మందికి రెండున్నర గంటలు. రాసింది ఎవరో తెలిసిపోతుంది, వాళ్ల ముఖాలు కూడా చూసినట్టవుతుంది.

మీరు మనదైనదాన్ని కోర్సులోకి తేవడానికి వెనకాడకండి. నొప్పి పాఠంలో మిరపకాయ గురించి చెప్పండి. ఘాటైన గుంటూరు మిర్చి కొరికితే మనం ‘నోరు మండిపోతోంది’ అంటాం, పొయ్యి మీద చెయ్యి పడినా ‘మండుతోంది’ అనే అంటాం. 1997లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డేవిడ్ జూలియస్ బృందం కనుక్కున్నది సరిగ్గా ఇదే: మిరపలోని క్యాప్సైసిన్‌కీ, 43 డిగ్రీలు దాటిన వేడికీ తలుపు తెరిచేది ఒకే రిసెప్టర్. దానికి 2021లో నోబెల్ వచ్చింది. సోడియం-పొటాషియం పంపు దగ్గర యెల్లాప్రగడ సుబ్బారావు పేరు చెప్పండి. భీమవరంలో పుట్టి, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించినవాళ్లలో ఆయన ఒకరు. మూడు సోడియంలను బయటికి తోసి రెండు పొటాషియంలను లోపలికి లాగే ఆ పంపు నడిచేది ఏటీపీతోనే. శరీరం బరువులో 2 శాతం ఉన్న మెదడు శక్తిలో 20 శాతం తినేయడానికి ఆ పంపులు పెద్ద కారణం. ఒహాయో పిల్లలకు ఆయన పేరు ఇంకెవరు చెబుతారు?

ఇంట్లో సర్దుబాటు మీకే తెలుసు, ఒకటే చెబుతాను. ఆన్‌లైన్ పని అంటే ఇరవై నాలుగు గంటలూ ఫోన్ చూసుకునే పని అయిపోతుంది. ‘సోమవారం నుంచి శుక్రవారం దాకా 24 గంటల్లో జవాబిస్తాను, శనివారం చూడను’ అని సిలబస్‌లో రాసి, అదే పాటించండి. చిన్నపాప స్కూల్లో ఉండే మూడు గంటలు పనికి, ఆ తరవాత ల్యాప్‌టాప్ మూత. ఊరికే దూరంగా ఉండమనడం లేదు. ఆన్‌లైన్ క్లాసులో టీచరు విద్యార్థులతో క్రమంగా, పాఠం మీద మాట్లాడాలని ఇక్కడి ప్రభుత్వ నిబంధనే ఉంది. డిస్కషన్‌లో వారానికి పదిమందికి పేరు పెట్టి జవాబు రాస్తే ఎనిమిది వారాల్లో ప్రతి ఒక్కరికీ కనీసం రెండుసార్లు చేరుతుంది. అంతకు మించి ఎక్కడ ఆగాలో మీరు పెట్టుకోండి.

ఇది పూర్తికాలం ఉద్యోగానికి మెట్టు అవుతుందా అని మీరు అడగలేదు, కానీ మనసులో ఉండే ఉంటుంది. అడ్జంక్ట్‌గా, అంటే ఇలా పార్ట్‌టైమ్‌గా, చేరినచోటే పర్మనెంట్ అవడం అరుదు, ఆ ఆశతో ఏళ్లు గడిపినవాళ్లను చూశాను. మీకు దీనివల్ల వచ్చేవి వేరు: రెజ్యూమేలో తొమ్మిదేళ్ల ఖాళీ తరవాత ఒక కొత్త వరుస, ఇక్కడ మీ పని చూసిన ఒకరు రాసే సిఫార్సు ఉత్తరం, కమ్యూనిటీ కాలేజీలోనో ల్యాబ్‌లోనో అడిగే ధైర్యం. మొదటిసారి గంటకు 22 డాలర్లే వచ్చినా రెండోసారి అదే కోర్సుకు తయారీ దాదాపు ఉండదు. 120 గంటలే అయితే గంటకు 30 పడుతుంది. రెండు టర్మ్‌లు చెప్పాక ఆగి, ఇంకా చెప్పాలా, వేరే చోట చూడాలా అని మీవారితో కూర్చుని మాట్లాడుకోండి.

ఇవాళ రాత్రి చేయాల్సింది ఒకటే. పైన రాసిన ప్రశ్నలతో డిపార్ట్‌మెంట్ చైర్‌కి ఒక చిన్న మెయిల్ పెట్టండి. పాత కోర్సు కాపీ, రద్దు అయితే డబ్బు, గరిష్ఠ సంఖ్య, వీడియోల హక్కు. జవాబు వచ్చాక మొదటి వారం అనౌన్స్‌మెంట్ రాయడం మొదలుపెట్టండి. అందులో మీరు ఎవరో చెప్పండి, ఎలుకల్లో భయం గురించి మీరు ఏం కనుక్కున్నారో నాలుగు వాక్యాల్లో చెప్పండి, స్కేలు ఒకటి దగ్గర పెట్టుకోమనండి. రాసి నాకు పంపితే చదువుతాను.